టీవీకీ పెట్టెకీ ముప్ఫై రోజుల నోటీసు

ఏప్రిల్ మొదటి సోమవారం నాడు పెదగరువు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి మూడు అట్టపెట్టెలు దిగాయి. ఒకదాంట్లో హై డెఫినిషన్ టీవీ, ఇంకోదాంట్లో కేబుల్ పెట్టె, మూడోదాంట్లో వీడియో రికార్డరు. వాటి నెత్తిన పెట్టి ఒక సర్క్యులరు కూడా పంపించారు.

"మే నెల పదవ తారీకు, శుక్రవారం, ఉదయం పదకొండు గంటలకు శాఖ వ్యవస్థాపక దినోత్సవం సందర్భంగా కమిషనరు గారు టీవీలో ప్రసంగించెదరు. సిబ్బంది యావన్మందీ వీక్షించవలెను. ప్రసంగమును రికార్డు చేయవలెను. అందునిమిత్తం పై మూడు పరికరములను కలిపి, కలిపినట్లు నిర్ణీత ఫారములో ధ్రువపత్రం పంపవలెను" అని దాని సారాంశం. నిర్ణీత ఫారం మటుకు జతపరచడం మర్చిపోయారు.

ఆ పెట్టెల్ని చూసి జూనియర్ అసిస్టెంటు ఇందుమతి తెగ సంబరపడింది. టీవీ మీద మోజు కాదు. కేబుల్ పెట్టె బిగించాలంటే కేబుల్ సాల్మన్ రావాలి. సాల్మన్ వస్తే ఆఫీసు వేళలో కూడా ఒకసారి కనబడతాడు. ఇంకో నలభై రోజుల్లో వాళ్లిద్దరికీ పెళ్లి.

ఈ పెళ్లి సంగతి ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. ఇందుమతి వాళ్లు గుడికెళ్లేవాళ్లు, సాల్మన్ వాళ్లు చర్చికెళ్లేవాళ్లు. అందుకని రిజిస్టరు పెళ్లి. ఫిబ్రవరి పదకొండున ఇందుమతి తన పెళ్లి నోటీసు తనే రాసుకుని, తన ఆఫీసు బోర్డుకి తనే గుండుసూదులు గుచ్చుకుంది. చట్టం ప్రకారం నోటీసిచ్చాక ముప్ఫై రోజులు ఆగాలి, మూడు నెలలు దాటకూడదు. దాటిందా, నోటీసు చచ్చినట్టే, కథ మళ్లీ మొదటికి. ముప్ఫై రోజులు గడిచేసరికి సాల్మన్ తల్లి ఎస్తేరమ్మ "శ్రమ దినాల్లో పెళ్లేంట్రా, ఈస్టరు దాటాలి" అంది. ఈస్టరు దాటేసరికి ఇందుమతి తల్లి కనకరత్నం "మూఢమే తల్లీ, మే తొమ్మిదిదాకా మంచిరోజు లేదు" అంది. ఇద్దరు తల్లులకీ నచ్చి, చట్టానికీ కుదిరే రోజు ఒక్కటంటే ఒక్కటే మిగిలింది. అదే మే పది, శుక్రవారం. అసలు ఆ ఇద్దరు తల్లులూ ఒకేసారి ఊ అనడమే గగనం. మళ్లీ మూడు నెలలు వ్యవధి దొరికితే ఇద్దరూ ఊహూ అనడానికి కావలసినన్ని కారణాలు పోగేస్తారు. పైగా కొప్పిశెట్టి వారి మేడ మీద రెండు గదుల వాటా చూసుకున్నారు. ఆ ఇంటాయన "పెళ్లైనోళ్లకే ఇస్తామండి. పదకొండో తారీకున కాయితం చూపించండి, తాళం పట్టుకెళ్లండి. లేదంటే బ్యాంకాయన కాచుక్కూచున్నాడు" అని కచ్చితంగా చెప్పేశాడు.

మధ్యాహ్నానికల్లా సాల్మన్ వచ్చాడు. టీవీని బల్ల మీద నిలబెట్టి, వెనక్కి తిప్పి చూశాడు.

"ఏముంది మేడమ్ గారూ. పెట్టెలోంచి రికార్డరుకో హెచ్‌డీ వైరు, రికార్డరులోంచి టీవీకో హెచ్‌డీ వైరు. టీ చల్లారేలోపు అయిపోద్ది" అన్నాడు. ఆఫీసులో ఉన్నంతసేపూ ఆమె మేడమ్ గారే. గుమ్మం దిగితే ఇందు.

వైరు కొస టీవీకి ఇంకా బెత్తెడు దూరంలో ఉండగా, లోపలి గదిలోంచి కేక వినబడింది.

"ఆగు! ఏ ఫారంలో కలుపుతున్నావు?"

సబ్ రిజిస్ట్రారు భగవంతరావు గారు. ముప్ఫయ్యొక్కేళ్ల సర్వీసులో ఫారం లేకుండా ఆయన తుమ్మి ఎరగరు. పోయినేడు ఆఫీసు గోడకి తేనెపట్టు పడితే, ఆక్రమణదారులకిచ్చే ఫారంలో నోటీసు రాసి పట్టు కింద అంటించి, జవాబు కోసం పదిహేను రోజులు ఆగారు. ఈలోగా ఎనిమిది మందిని కుట్టాయి. "గడువు లోపల వాటి స్వాధీనం వాటిదే" అన్నారాయన, బుగ్గకి సున్నం రాసుకుంటూ.

"వైరుతో కలుపుతానండి, ఆయ్" అన్నాడు సాల్మన్.

"వైరు సాధనం. ఫారం ఆధారం. ఆధారం లేనిదే సాధనం వాడితే దాన్ని దౌర్జన్యం అంటారు. పక్కన పెట్టు."

సాల్మన్ వైరు పక్కన పెట్టాడు. ఇందుమతి తల పక్కకి తిప్పుకుని నవ్వు మింగేసింది. అప్పటికి ఆమెకది ఒట్టి నవ్వులాటే.

ఫారం వెతికే భారం సీనియర్ అసిస్టెంటు త్రిమూర్తులు గారి మీద పడింది. ఆయనదో చిత్రమైన జాతకం. దస్తావేజులో అభ్యంతరం దొరికితే ఆ పూట ఆయనకి పాయసం తిన్నంత తృప్తి. ఇరవై ఆరేళ్లుగా రోజూ తింటున్నారు. బీరువాలన్నీ దించి, దుమ్ములో మూడు రోజులు కూర్చున్నారు.

"క్రయ దస్తావేజు?" అడిగేవారు భగవంతరావు గారు.

"ఎవరు ఎవరికి అమ్మినట్టండి? మూడూ సర్కారువే."

"కౌలు?"

"పెట్టె టీవీలో కాపురముండదండి. పక్కన బల్ల మీదుంటుంది."

"తనఖా?"

"ప్రభుత్వ టీవీని తాకట్టు పెట్టామని ఆడిటు వాళ్లు ఉరేస్తారండి."

"పోనీ భాగ పంపిణీ?"

"అది విడదీసేదండి. మనం కలపాలి కదా."

మూడో రోజు సాయంత్రం త్రిమూర్తులు గారు దుమ్ములోంచి లేచారు. కళ్లజోడు నుదుటి మీదుంది, మొహం వెలిగిపోతోంది.

"సార్! ఇద్దరిని అధికారి ఎదుట కలిపి, కలిపినట్టు ధ్రువపత్రం ఇచ్చే ఫారం మన ఆఫీసులో ఒక్కటే ఉందండి. వివాహ ఫారం!"

ఇందుమతి చేతిలో పెన్ను జారిపోయింది. భగవంతరావు గారు కళ్లు మూసుకుని ఆలోచించారు.

"ఇరుపక్షాలు వేరువేరు ఇళ్ల నుంచి వచ్చినవారు. ఇద్దరూ స్వస్థచిత్తులు. ఒకే కప్పు కింద కలకాలం కలిసి మెలగవలసినవారు. ఆహా! త్రిమూర్తులూ, ఇంతకంటే నిర్ణీతమైనది ఇంకేముందయ్యా? వెంటనే నోటీసు వెయ్యండి."

తెచ్చిపెట్టేది పెట్టె గనక వరుడు, నలుగురి కంటా పడేది టీవీ గనక వధువు అని త్రిమూర్తులు గారు తేల్చారు. మర్నాడు ఉదయానికి ఇందుమతి నోటీసు పక్కనే కొత్త నోటీసు వేలాడింది. వధువు: హై డెఫినిషన్ టీవీ, నలభై రెండంగుళాలు, ఛాయ నలుపు. వరుడు: డిజిటల్ కేబుల్ పెట్టె, పొట్టి, గుర్తింపు చిహ్నం ముఖాన ఎర్ర దీపం. అభ్యంతరములున్నవారు ముప్ఫై రోజులలోగా తెలుపవలెను.

బయట రేకుల షెడ్డులో దస్తావేజులు రాసే లేఖరులందరూ వచ్చి చదువుకున్నారు. "నలుపైతేనేం గానీ మొహం కళగా ఉంది" అన్నాడొకాయన. "కుర్రాడు పొట్టి" అన్నాడింకొకాయన.

మొదటి చిక్కు వయసు దగ్గరొచ్చింది. వరుడికి ఇరవయ్యొక్కటి, వధువుకి పద్ధెనిమిది నిండాలి. కొన్న కాయితాలు చూస్తే పెట్టె పుట్టి నాలుగు నెలలు, టీవీ పుట్టి ఆరు.

"బాల్య వివాహం!" అన్నారు త్రిమూర్తులు గారు. ఆ పూట పాయసం ఆయనకి జీడిపప్పుతో సహా దొరికింది.

భగవంతరావు గారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి, వస్తువుకి వయసు సొంతంగా ఉండదు, వంశం నుంచి వస్తుంది, కాబట్టి కంపెనీ పుట్టిన ఏడాదే లెక్క అని ఉత్తర్వు రాశారు. దాంతో టీవీకి యాభై నాలుగేళ్లు, పెట్టెకి ఇరవై మూడేళ్లు వచ్చాయి. "వధువు కాస్త పెద్దదండి" అన్నారు త్రిమూర్తులు గారు. "చట్టం అడ్డు చెప్పదు. వారికి ఇష్టమైతే మనమెవరం?" అన్నారు భగవంతరావు గారు, ఎంతో ఉదారంగా.

పదిహేనో రోజున నిజంగానే అభ్యంతరం వచ్చింది. రాసినవారు త్రిమూర్తులు గారే. వరుడి ఒంట్లోకి వచ్చే ఆఫీసు కేబుల్ తీగె భగవంతరావు గారి గదిలో ఉన్న పాత డబ్బా టీవీతో పన్నెండేళ్లుగా కలిసి ఉన్నదనీ, మొదటి భార్య బతికుండగా రెండో పెళ్లి చెల్లదనీ మూడు పేజీలు రాసి, తనకి తనే అందజేసుకుని, అందినట్టు సంతకం పెట్టుకున్నారు.

విచారణ పెట్టారు. పాత టీవీని హాలులోకి మోయించారు. సాక్షిగా సాల్మన్‌ని పిలిచారు.

"ఈవిడ సక్రమంగా పనిచేస్తుందా?"

"నెత్తి మీద రెండు గట్టిగా ఇస్తే వస్తదండి. లేపోతే గీతలే."

"ఎన్నాళ్లుగా కొడుతున్నారు?"

"మీరు రోజూ కొడతారు కదండీ సార్" అన్నాడు సాల్మన్ అమాయకంగా.

భగవంతరావు గారు మొహం కందగడ్డ చేసుకుని, "దాంపత్యంలో హింస రుజువైనందున విడాకులు మంజూరు" అని రాసేసి, పాత టీవీకి మనోవర్తి కింద స్టోరు గదిలో ఒక మూలా, కప్పుకోవడానికి గుడ్డా ఇప్పించారు.

రికార్డరు గొడవ ఇంకోటి. టీవీ, రికార్డరు ఒకే కంపెనీ బిడ్డలు. తోబుట్టువులు. వాళ్లని నేరుగా వైరుతో కలపడం అనగానే త్రిమూర్తులు గారు చెవులు మూసుకుని "రామ రామ" అన్నారు. కలపకపోతే కమిషనరు గారి ప్రసంగం రికార్డవదు. ఎటూ తేలక, రికార్డరుని టీవీ దంపతులకి దత్తత ఇచ్చారు. తమ్ముణ్ణి అక్క దత్తత తీసుకోవచ్చా అని మళ్లీ సందేహం. "మన ఇళ్లల్లో తమ్ముళ్లని పెంచేది అక్కలే కదయ్యా" అని భగవంతరావు గారు, వాళ్లక్క గుర్తొచ్చి కళ్లు తుడుచుకున్నారు. దత్తతకి బిడ్డ పదిహేనేళ్ల లోపు ఉండాలి గనక, రికార్డరుకి మటుకు కంపెనీ వయసు కాకుండా సొంత వయసు, ఎనిమిది నెలలు, లెక్కలోకి తీసుకున్నారు.

"అంటే ఇప్పుడు రికార్డరు పెట్టెకి బావమరిదా, కొడుకా?" అని ఇందుమతి ఆ సాయంత్రం మోటారు సైకిలు వెనక కూర్చుని పగలబడి నవ్వింది.

"ఎవడికెవడేమైతే నాకేంటి ఇందూ. వైరు పెడితే బొమ్మొచ్చేద్ది" అన్నాడు సాల్మన్. అతనికి తన చొక్కా కుట్టే దర్జీ గోలే సరిపోతోంది.

మే తొమ్మిది, గురువారం నాడు ఇందుమతి నవ్వు ఆగిపోయింది.

రేపటికి అన్నీ సర్దుదామని వివాహ ధ్రువపత్రాల పుస్తకం తీసింది. లోపల ఒక్క ఆకే ఉంది. ఏప్రిల్లో నాలుగు పెళ్లిళ్లయ్యాయి. కొత్త పుస్తకం కావాలని మార్చిలోనే పైకి రాసింది తనే. పుస్తకం అడగడానికి వాడవలసిన ఫారం పైన అయిపోయిందనీ, అది అచ్చై వచ్చాక దానిలో అడిగితే పంపుతామనీ జవాబు వచ్చింది.

పుస్తకం పట్టుకుని భగవంతరావు గారి గదిలోకి పరిగెత్తింది.

"ఒక్క ఆకే ఉందండీ సార్. నాది ఫిబ్రవరి నోటీసు, టీవీది ఏప్రిల్ నోటీసు. వరసలో నేనే ముందు."

భగవంతరావు గారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. "చూడమ్మాయ్ ఇందుమతీ. నీ వివాహం వ్యక్తిగత ప్రయోజనం. టీవీ వివాహం ప్రజా ప్రయోజనం. రెండింటికీ పోటీ వచ్చినప్పుడు ఉద్యోగి త్యాగం చేయాలి."

"రేపటితో నా నోటీసు చచ్చిపోతుందండీ!"

"టీవీకి గడువు రేపు పదకొండింటికే. దాని వెనక కమిషనరు గారున్నారు. నీ వెనక ఎవరున్నారు?"

"మా అమ్మ ఉందండి, వాళ్లమ్మ ఉందండి. ఆ ఇద్దర్నీ మళ్లీ ఒప్పించడం మీ కమిషనరు వల్ల కూడా కాదండి" అంది ఇందుమతి. ఏడవకూడదనుకుంది గానీ, ఏడ్చేసింది. మామూలుగా కూడా కాదు, ముక్కు ఎర్రబడేలా, వెక్కి వెక్కి. ఒక అట్టపెట్టె కోసం తన పెళ్లి ఆగిపోవడమేంటి? తలుచుకున్న కొద్దీ ఒళ్లు మండిపోయింది.

"ఆగస్టులో శ్రావణ మాసం ముహూర్తాలు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా" అన్నారు త్రిమూర్తులు గారు ఓదార్పుగా. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ ఆ క్షణంలో ఆయన చేతిలో ఉన్న టీ కప్పు ఆయన నెత్తిన పడకపోవడం ఆయన అదృష్టం.

సాల్మన్ షెడ్డు దగ్గర నిలబడి ఉన్నాడు. సంగతి విని మోటారు సైకిలు మీద కూలబడిపోయాడు.

"మా అమ్మ మొన్న కూడా అంది ఇందూ, దేవుడికి ఇష్టం లేపోతే అడ్డం పడతాడులే అని. ఇప్పుడు అడ్డం పడింది కమిషనరంటే నమ్మదు."

"మా అమ్మ అయితే పంచాంగం తీసుకుని తయారుగా కూర్చుంది" అంది ఇందుమతి. ముక్కు చీదుకుని, మళ్లీ లోపలికెళ్లి, ఆ ఒక్క ఆకునీ, దానితోపాటు జరపాల్సిన తంతు రాసి ఉన్న కాయితాన్నీ ముందు పెట్టుకుని కూర్చుంది. ఇప్పటికి రెండు వందల పెళ్లిళ్లకి ఆమె చేతుల మీదుగా నడిచిన కాయితమది. ఎప్పుడూ చదవలేదు, నింపడమే. ఇవాళ మొదటిసారి చదివింది. ఐదో పేరా దగ్గర ఆగింది. మళ్లీ చదివింది. బయటికొచ్చి సాల్మన్‌తో అంది:

"రేపు ఆ కొత్త చొక్కా వేసుకునే రా. మీ అమ్మని తీసుకురా. ఏమీ అడక్కు."

శుక్రవారం పదింటికే వడగాలి మొదలైంది. హాలు కిక్కిరిసిపోయింది. బెంచీకి ఈ కొసన కనకరత్నం, ఒళ్లో రెండు మల్లెపూల దండలు, కొంగున అక్షింతలు. ఆ కొసన ఎస్తేరమ్మ, ఒళ్లో అట్టపెట్టెలో కేకు. మధ్యలో ముగ్గురు కూర్చునే జాగా ఖాళీ. బల్ల మీద టీవీ, పక్కన పెట్టె, వాటి చాటున దత్తపుత్రుడు రికార్డరు. అటెండరు వీరన్న భక్తి ఆపుకోలేక టీవీకి కుంకుమబొట్టు పెట్టాడు.

పదిన్నరకి భగవంతరావు గారు ఇస్త్రీ కోటుతో లేచారు.

"ఇరుపక్షములు హాజరా?"

"హాజరండి" అన్నారు త్రిమూర్తులు గారు.

"సాక్షులు?"

ముగ్గురు లేఖరులు చేతులెత్తారు.

"సరే. చట్టప్రకారం ఇప్పుడు ఇరుపక్షములు ఈ అధికారి ఎదుట, సాక్షులకు వినబడునట్లుగా, ఒకరినొకరు ఉద్దేశించి, 'నేను ఫలానా, ఫలానా వారిని నా జీవిత భాగస్వామిగా స్వీకరిస్తున్నాను' అని నోటితో పలుకవలెను. కానివ్వండి."

అని టీవీకేసి చూశారు. టీవీ ఆయనకేసి చూసింది. వడగాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోంది.

"స్విచ్చి వెయ్యలేదండి" అని గుర్తు చేశాడు సాల్మన్. త్రిమూర్తులు గారు పరుగున వెళ్లి స్విచ్చి నొక్కారు. తెరంతా నీలంగా వెలిగింది. మధ్యలో రెండు ఇంగ్లీషు ముక్కలు. త్రిమూర్తులు గారు కళ్లజోడు దించుకుని కూడబలుక్కున్నారు.

"నో... సిగ్నల్. సార్, నో అంటోందండి!"

"బలవంతపు పెళ్లి!" అని వెనక నించి ఎవరో అరిచారు. హాలంతా గోలగోలైంది. "అన్యాయం, పిల్ల ఇష్టం కనుక్కోవద్దూ?" అంది కనకరత్నం, మొట్టమొదటిసారి ఎస్తేరమ్మ వైపు తిరిగి. "మా మరిదీ కూతురి పెళ్లి ఇలాగే కనుక్కోకుండా చేశాడమ్మా, ఇప్పటికీ పడుతున్నాం" అంది ఎస్తేరమ్మ. ఇద్దరూ కొంచెం కొంచెం దగ్గరికి జరిగారు.

"వైరు పెడితే మాట్లాడుద్దండి సార్" అన్నాడు సాల్మన్.

"మాట్లాడితే గాని వైరు పెట్టకూడదయ్యా!"

"వైరు పెట్టకపోతే ఎలా మాట్లాడుద్దండి?"

"మాట్లాడకపోతే ఎలా పెడతావయ్యా?"

పదీ నలభై. ఇస్త్రీ కోటు వీపంతా తడిసిపోయింది. ఫోను మోగింది. జిల్లా ఆఫీసు. "మీ దగ్గర కలిసిందా? జిల్లాలో ఒక్కచోటా కలవలేదట. కమిషనరు గారు స్వయంగా అడుగుతున్నారు" అంది అవతలి గొంతు. "కలుస్తోందండి, నోటి మాటే ఆలస్యమండి" అని ఫోను పెట్టేసి, భగవంతరావు గారు కుర్చీలో కూలబడ్డారు. ముప్ఫయ్యొక్కేళ్లలో ఆయన్ని ఫారమే మొదటిసారి మోసం చేసింది.

పదీ నలభై ఎనిమిది. ఇందుమతి లేచి నిలబడింది.

"సార్, నోరు లేనివారి తరఫున ముక్తారు మాట్లాడొచ్చు కదండీ."

భగవంతరావు గారు తలెత్తారు.

"టీవీ ఆఫీసు సామాను. చార్జి నా పేరున ఉంది. పెట్టెకి కనెక్షనిచ్చేది సాల్మన్. చార్జి అతనిది. వాటి తరఫున మేమిద్దరం పలుకుతామండి. కాకపోతే పలికే నోరెవరిదో పేరూ వాళ్లదే చెప్పాలి. సంతకం చేసేవాళ్లు వేరేవాళ్ల పేరు రాస్తే దాన్ని ఫోర్జరీ అంటారని మీరే చెప్పారు."

"భేష్! త్రిమూర్తులూ, అభ్యంతరం ఏమైనా ఉందా?"

త్రిమూర్తులు గారు కళ్లజోడు పైనుంచి ఇందుమతిని చూశారు. ఎదురుగా పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు తల్లుల్ని చూశారు. సాల్మన్ కొత్త చొక్కా చూశారు. ఆయనకి మొత్తం అర్థమైపోయింది. కనీసం పదకొండు అభ్యంతరాలు ఆయన నాలుక చివర్న వరసకట్టి నిలబడ్డాయి. పెదవి తడుపుకున్నారు. పాపం, గుటకలు మింగారు.

"ఏమీ లేదండి" అన్నారు.

"అయితే కానివ్వండి, త్వరగా!"

సాల్మన్ ముందుకొచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టి, మళ్లీ తీసేశాడు. "నేను, సాల్మన్‌ని, ఇందుమతిని నా జీవిత భాగస్వామిగా స్వీకరిస్తున్నానండి" అన్నాడు. 'అండి' ఫారంలో లేదు, అయినా ఎవరూ పట్టించుకోలేదు.

"నేను, ఇందుమతిని, సాల్మన్‌ని నా జీవిత భాగస్వామిగా స్వీకరిస్తున్నాను" అంది ఇందుమతి. హాలు గుమ్మం దాకా వినబడేలా అంది. నిన్నటి ఏడుపంతా ఆ మాటలో తీరిపోయింది.

గబగబా ఆకు నింపింది. ఇద్దరూ సంతకాలు చేశారు, ముగ్గురు సాక్షులు చేశారు. భగవంతరావు గారు గడియారం మీద నుంచి కన్ను తీయకుండా సంతకం గీకి, ముద్ర ఠక్కున కొట్టారు. "కలుపు, కలుపు!"

సాల్మన్ రెండు వైర్లు రెండు నిమిషాల్లో పెట్టి రిమోటు నొక్కాడు. నీలం పోయింది. గోడంత వెడల్పున కమిషనరు గారి ముక్కు ప్రత్యక్షమైంది. దాని మీద చిన్న మొటిమ, మొటిమ మీద పౌడరు, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి.

"ఈ శుభదినాన మీ అందరికీ నా హృదయపూర్వక శుభాకాంక్షలు" అన్నారు కమిషనరు గారు.

అంతే. కనకరత్నం అక్షింతలు దోసిట్లోకి తీసుకుని విసిరింది. సగం పిల్లల మీద, సగం కమిషనరు గారి మీద పడ్డాయి. ఎస్తేరమ్మ కళ్లు ఒత్తుకుంటూ "దేవునికి స్తోత్రం" అంది. లేఖరులు చప్పట్లు కొట్టారు. దండలు మార్చుకున్నారు. కేకు ముక్క మొదట ఎవరి నోట్లో పెట్టాలో తెలియక సాల్మన్ భగవంతరావు గారి నోట్లో పెట్టాడు. టీవీలో కమిషనరు గారు క్రమశిక్షణ గురించి చెబుతూనే ఉన్నారు. ఆ అరగంటలో ఆఫీసులో అది ఒక్కటే లేదు.

ప్రసంగం అయ్యాక, కేకు మింగి, భగవంతరావు గారు ఆకు అందుకుని చదివారు. ఒకసారి, రెండుసార్లు.

"ఇదేంటి! ఇందులో టీవీ ఎక్కడ? పెట్టె ఎక్కడ? ఇది మీ పెళ్లి కదూ? చెల్లదు! రద్దు చేస్తాను!"

"చెయ్యండి సార్" అంది ఇందుమతి, దండ సర్దుకుంటూ. "మా పెళ్లి రద్దయితే ఈ ఆకు చెల్లదండి. ఆకు చెల్లకపోతే టీవీని ఏ ఫారంలో కలిపినట్టండి? కమిషనరు గారి ప్రసంగం మొత్తం ఫారం లేకుండా చూసినట్టేనా?"

భగవంతరావు గారి మొహం తెల్లగా పాలిపోయింది. ఫారం లేకుండా అరగంట! ఆ మాట ఆయన ఊహకి కూడా అందలేదు. త్రిమూర్తులు గారికేసి చూశారు.

"ఆకు సక్రమంగా ఉందండి" అన్నారు త్రిమూర్తులు గారు, ఇంకో ముక్క కేకు తీసుకుంటూ. "వీళ్లు కలిసుంటేనే టీవీ కలిసున్నట్టు. పైకి ఇదే పంపడం క్షేమం."

పార్టీల ప్రతి ఇందుమతికిచ్చి, ఆఫీసు ప్రతికి నకలు తీసి పైకి పంపారు. మర్నాడు కొప్పిశెట్టి వారింటాయన కాయితాన్ని వెలుతురుకి పెట్టి, ముద్ర చూసి, తాళం చేతిలో పెట్టాడు. ఆదివారం సాయంత్రానికి రెండు గదుల్లోనూ ఇద్దరు తల్లులు చేరారు. ఒకరు పొయ్యి ఎటు పెట్టాలో చెబుతున్నారు, ఒకరు మంచం ఎటు పెట్టాలో చెబుతున్నారు.

మూడు వారాలు గడిచాక పైనుంచి మెమో వచ్చింది. త్రిమూర్తులు గారు దాన్నీ, దానితోపాటు దర్జీ దగ్గర అడిగి తెచ్చిన టేపునీ ఇందుమతి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

"మీరు పంపిన ధ్రువపత్రం పరిశీలించడమైనది. గడువులోగా టీవీని సక్రమముగా కలిపిన కార్యాలయం మీదొక్కటే అయినందుకు అభినందనలు. అయితే ధ్రువపత్రంలో ఈ క్రింది వివరములు లోపించినవి. ఒకటి: ఇందుమతి ఎన్ని అంగుళములు? రెండు: సాల్మన్ రిమోటు ప్రస్తుతం ఎవరి స్వాధీనంలో ఉన్నది? తిరుగు టపాలో తెలుపవలెను."

ఇందుమతి చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, మంచి కాయితం ఒకటి తీసి జవాబు రాసింది:

"ఒకటవ అంశం: అరవై రెండంగుళములు. రెండవ అంశం: సదరు రిమోటు తమ స్వాధీనంలోనే ఉండవలెనని ఇద్దరు తల్లుల నుంచి వేరువేరుగా క్లెయిములు అందియున్నవి. విచారణ ముగియువరకు అది ఈ క్రింద సంతకం చేసినవారి స్వాధీనంలో భద్రముగా నున్నది. విచారణ ఇప్పట్లో ముగియదు."